అంచు దగ్గర చిన్న చుక్క

శుక్రవారం అంటే నాకు బుధవారం నుంచే నీరసం మొదలవుతుంది. ఆ రోజు మా రెండో తరగతిలో చేతి లెక్కలు. పలక మీద కూడికలూ తీసివేతలూ కావు. ముప్పై ఎనిమిది మంది పిల్లలు, ముప్పై ఎనిమిది ప్లాస్టిక్ పళ్ళేలు, వాటిలో బొత్తాలు, సీసా మూతలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, గులకరాళ్ళు. చీటీ మీద ఒక ప్రశ్న ఉంటుంది. పిల్లలు దాన్ని చదువుకుని, వస్తువులు పేర్చి చూసుకుని, ఏం చేశారో కాగితం మీద బొమ్మ గీసి, కింద జవాబు రాయాలి. చిన్న పిల్లలు చేతులతో ఆలోచిస్తారని మాకు శిక్షణలో చెప్పారు. చెప్పినావిడ ఎదురుగా పిల్లలు లేరు. మేమున్నాం, ఇరవై మంది పెద్దవాళ్ళం, పైగా మధ్యలో టీ కూడా ఇచ్చారు.

మా గదిలో మొదటి అయిదు నిమిషాల్లోనే ఒక డబ్బా బోర్లా పడుతుంది. ఒకడు సీసా మూతని నుదుటికి అతికించుకుని కూర్చుంటాడు. ఇద్దరు ఒకే ఎర్ర బొత్తం కోసం జుట్లు పట్టుకుంటారు. నలభై నిమిషాలు గడిచేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది. పిల్లలు వెళ్ళాక నేలంతా వంగి ఏరుకోవాలి. ఇరవై ఆరేళ్ళు నిలబడి పాఠాలు చెప్పిన మోకాళ్ళు వంగమంటే వంగుతాయి గానీ లేవమంటే లేవవు. ఆ పని అయ్యాక కాగితాలు దిద్దాలి. జవాబు చూడటం, సరైనదైతే టిక్కు, కాకపోతే ఎర్ర గీత. ఒక్కో కాగితానికి అయిదు సెకన్లు పట్టేది. బొమ్మ వైపు చూసేదాన్ని కాదు. చూసే ఓపిక ఉండేది కాదు.

ఇది నేను గొప్పగా చెప్పుకుంటున్న సంగతి కాదు. అయితే జరిగింది చెప్పాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మూడో వరసలో కిటికీ పక్కన ఒక పిల్ల కూర్చునేది. ఏడేళ్ళది, సన్నగా, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టు ఉండేది. క్లాసులో అందరూ దాన్ని 'మిగులు' అని పిలిచేవారు. ఏ శుక్రవారం చూసినా దాని పళ్ళెంలో ఏవో కొన్ని వస్తువులు మిగిలిపోయి ఉండేవి. పక్కవాళ్ళకి అన్నీ సరిగ్గా సరిపోతే దీనికి మాత్రం రెండో మూడో అటుపక్క పడి ఉండేవి. జవాబు ఎప్పుడూ ఒకటో రెండో తక్కువ వచ్చేది. కాగితం నిండా ఎర్ర గీతలే. పిల్లలు పెట్టిన పేరు అది. మొదట్లో నేను కసిరాను. తర్వాత్తర్వాత హాజరు పిలిచేటప్పుడు తప్ప నా నోటికీ అదే పేరు వచ్చేది. పిలిచినప్పుడల్లా అది తల ఎత్తి చూసేది, తన పేరే అన్నట్టుగా.

ఏడాది చివరికొచ్చింది. లెక్కల్లో ఇంత వెనకబడిన పిల్లని మూడో తరగతికి పంపితే అక్కడి టీచరు నా పని పడుతుంది. మా బడిలో దానికో పత్రం ఉంది. పిల్లని అదే తరగతిలో ఇంకో ఏడాది ఉంచాలని క్లాసు టీచరు సంతకం పెట్టి ఇస్తే, హెడ్మిస్ట్రెస్ చూసి పై ఆఫీసుకి పంపుతారు. అక్కడి నుంచి తిరిగి రావడం అంటూ ఉండదు. ముందు పిల్ల తల్లికి చెప్పాలి కాబట్టి, సంగతి చీటీలో రాసి పంపి, మాట్లాడటానికి బుధవారం రమ్మన్నాను.

ఆవిడ కుట్టు కార్ఖానాలో బొత్తాల విభాగంలో పనిచేస్తుంది. గంట సేపు సెలవు అడుక్కుని వచ్చింది. చేతివేళ్ళకి దారం పోగులు అతుక్కుని ఉన్నాయి. పిల్లలు కూర్చునే బుల్లి కుర్చీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని నేను చెప్పేది విన్నది.

"ఇంట్లో బాగానే లెక్కపెడుతుందండీ," అంది నేను ముగించాక. "సాయంత్రం పూట నా పక్కన కూర్చుని బొత్తాలు కవర్లలో వేస్తుంది. ఒక్కో చొక్కాకి ఒక్కో కవరు. నాకన్నా త్వరగా వేస్తుంది. ఇన్నాళ్ళలో ఒక్క కవరు వెనక్కి రాలేదు టీచరుగారూ."

నాకు అప్పటికి మరో ఇద్దరు తల్లులు బయట ఎదురుచూస్తున్నారు. పొద్దున్నుంచి టీ కూడా తాగలేదు.

"ఇంటి పని వేరమ్మా, లెక్క వేరు," అన్నాను. "ఆ బొత్తాలు మాన్పించి కాస్త లెక్కలు చూడమనండి. ఇప్పుడైనా దారిలో పడుతుంది."

ఆవిడ లేచి నిలబడి, కుర్చీని బల్ల కిందికి జరిపి, గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"చెల్లెలు ఒకటో తరగతి కదండీ. వచ్చే ఏడు ఇద్దరూ ఒకే గదిలో కూర్చోవాలి. నిన్న అడిగింది నన్ను. ఒకే క్లాసు అయితే చెల్లి నన్ను అక్కా అనాలా, పేరు పెట్టి పిలవొచ్చా అని."

"మీరేమన్నారు?"

"ఏమంటానండీ. పడుకోమన్నాను."

ఆవిడ వెళ్ళిపోయింది. నాకు మనసులో ఎక్కడో చివుక్కుమంది. అయినా సంతకం పెట్టాను. పత్రం తీసుకెళ్ళి హెడ్మిస్ట్రెస్ బల్ల మీద పెట్టి చేతులు దులుపుకున్నాను. పిల్ల మంచికేనని నాకు నేను చెప్పుకున్నాను. అలసిపోయినప్పుడు మనం చేసే పనులన్నీ అవతలివాళ్ళ మంచికే అనిపిస్తాయి.

గురువారం మధ్యాహ్నం హెడ్మిస్ట్రెస్ కబురు పెట్టారు. పత్రం ఒక్కటే చాలదట. పిల్ల చేసిన తప్పులకి నమూనాలుగా ఓ నాలుగు కాగితాలు జతపరచాలట. శుక్రవారం పదకొండు గంటలకి టపా వెళ్తుంది, ఈలోపు ఇమ్మన్నారు. నేను తిట్టుకుంటూ బీరువాలోంచి 'మిగులు' కవరు తీసి, ఖాళీ క్లాసులో బల్ల మీద కాగితాలన్నీ పరిచాను. బాగా తప్పుగా ఉన్నవి ఏరాలి. ఇదొక చాకిరీ అనుకున్నాను.

మొదటిది బొత్తాల లెక్క. ఇరవై నాలుగు బొత్తాలు, ఒక్కో చొక్కాకి ఆరు, ఎన్ని చొక్కాలు? నాలుగు రావాలి. పిల్ల మూడని రాసింది, పక్కన మూడు బొత్తాలు మిగిలాయి. రెండోది విత్తనాలు. పదిహేను విత్తనాలు, కుండీకి మూడు. అయిదు కుండీలు రావాలి. పిల్లకి మూడే వచ్చాయి, మూడు గింజలు మిగిలాయి. ఇంకొకటి పెన్సిళ్ళు. పన్నెండు పెన్సిళ్ళు, ఒక్కొక్కరికి రెండు. ఆరుగురికి రావాలి. నలుగురికే పంచింది. చూడగానే కనిపించే తప్పులు. నమూనాలుగా ఇవి పనికొస్తాయనుకుని మూడూ పక్కన పెట్టాను.

నాలుగోది కార్ల లెక్క. ఇరవై రెండు చక్రాలున్నాయి, కారుకి నాలుగు చొప్పున ఎన్ని కార్లకి సరిపోతాయి, ఎన్ని మిగులుతాయి? అయిదు కార్లు, రెండు మిగులు. దీని కాగితం మీద నాలుగే కార్లు ఉన్నాయి, రెండు మిగిలాయి. ఎర్ర గీత నాదే. గీత పక్కన 'శుభ్రంగా గియ్యాలి' అని కూడా రాశాను. ఎందుకు రాశానా అని మొదటిసారి బొమ్మ వైపు చూశాను.

ప్రతి కారుకీ కింద నాలుగు చక్రాలు గీసింది. వెనక డిక్కీ దగ్గర ఇంకో చిన్న చక్రం గీసింది. నాలుగు కార్లకీ నాలుగు చిన్న చక్రాలు. నేను వాటిని చెత్త గీతలనుకుని దిద్దేశాను.

అది స్టెప్నీ.

కాసేపు ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత పక్కన పెట్టినవి మళ్ళీ ముందుకి లాక్కున్నాను. చొక్కాల బొమ్మలో ఒక్కో చొక్కా మీద నిలువుగా ఆరు చుక్కలు, కింద అంచు దగ్గర లోపలివైపు ఒక చిన్న చుక్క. ఏడు. మూడు చొక్కాలకి ఇరవై ఒకటి, మిగిలినవి మూడు. విత్తనాల కుండీలో మూడు గింజలు, కుండీ పక్కన ఒకటి. పెన్సిళ్ళు రెండుకి బదులు ఒక్కొక్కరికి మూడు, మూడోది అడ్డంగా పడుకోబెట్టి ఉంది. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. పంచడంలో తప్పు లేదు, మిగులులో తప్పు లేదు. ప్రతిదానికీ ఒకటి అదనంగా పక్కన పెట్టి ఆ తర్వాతే పంచింది.

కొత్త చొక్కా కొన్నప్పుడు కింద అంచులో లోపల ఒక బొత్తం కుట్టి ఉంటుంది, ఊడితే వేసుకోవడానికి. ఆ బొత్తాన్ని కవర్లో వేసే చేతులు ఈ పిల్లవి. రోజూ సాయంత్రం ఆరూ ఒకటీ, ఆరూ ఒకటీ. దానికి తెలిసిన ప్రపంచంలో ఏ వస్తువూ అదనం లేకుండా గుమ్మం దాటదు. వాళ్ళమ్మ నా ఎదురుగా కూర్చుని అదే చెప్పింది. నేను చెవిన వేసుకోలేదు.

ఇరవై తొమ్మిది కాగితాలు ఉన్నాయి ఆ కవర్లో. ఇరవై రెండింటిలో ఆ చిన్న చుక్క ఉంది. ఇరవై రెండు శుక్రవారాలు అది నాకు చూపిస్తూనే ఉంది, నేను గీత కొడుతూనే ఉన్నాను. కాసేపు కోపం వచ్చింది. ఒక్కసారి నోరు తెరిచి చెప్పి ఉంటే ఏం పోయేది ఈ పిల్లకి అనుకున్నాను. ఒక్కసారి నేను అడిగి ఉంటే ఏం పోయేదో మాత్రం ఆలోచించడానికి ఇంకాస్త సమయం పట్టింది.

కాగితాలు పట్టుకుని హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు నెత్తిమీదికి నెట్టుకుని ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటున్నారు. ఆవిడకీ నాలాగే ఇంకో మూడేళ్ళు ఉంది సర్వీసు.

"మేడం, ఆ పత్రం వెనక్కి తీసుకుంటాను," అన్నాను.

నేను చెప్పిందంతా విన్నారు. కాగితాలు ఒక్కొక్కటే చూశారు.

"ఏడాదంతా తప్పన్నదీ మీరే. ఇవాళ ఒప్పంటున్నదీ మీరే," అన్నారు. "నేను ఏ మాట నమ్మాలి?"

కార్ల కాగితాన్ని ఆవిడ ముందుకి జరిపాను.

"చూడండి. ప్రశ్నలో ఆరని ఉంటే ఏడు పెట్టడం తప్పే. అదనం అని ప్రశ్నలో లేదు. రేపు మూడో తరగతిలో భాగహారం చెప్తారు. అక్కడా ఇలాగే ఒకటి అదనంగా పెట్టుకుని కూర్చుంటే? ఇంకో ఏడాది మీ దగ్గరే ఉంటే కొంప మునగదు."

"చెల్లెలి పక్కన కూర్చోవాలి మేడం."

"కూర్చోనివ్వండి. మా ఇంట్లో నేనూ మా అక్కా ఒకే పుస్తకాల్లో చదువుకున్నాం."

నాకు వాదించే ఓపిక లేదు. అలాగని లేచి రావడానికి కాళ్ళు కదల్లేదు. అలాగే నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాననుకుంటాను. ఆవిడ నిట్టూర్చి కళ్ళజోడు కిందికి దించుకున్నారు.

"సరే. రేపు పొద్దున్నే పిల్లని తీసుకురండి. నా ఎదురుగా ఒక లెక్క చెయ్యనివ్వండి. తనకి తెలిసి చేస్తోందా, ఏదో అలవాటుగా చేస్తోందా నేను చూస్తాను. తెలిసి చేస్తే పత్రం చింపేద్దాం. లేకపోతే పదకొండింటికి టపాలో వెళ్తుంది. మీరు సాయం చెయ్యకూడదు."

శుక్రవారం పొద్దున హాజరు అయ్యాక పక్క క్లాసు టీచరుని నా గది చూడమని బతిమాలి, పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. దాని అరచెయ్యి చల్లగా ఉంది. ఎక్కడికని అడగలేదు. అడిగే అలవాటు లేదు దానికి. హెడ్మిస్ట్రెస్ బల్ల మీద ప్లాస్టిక్ పళ్ళెం, దాన్నిండా తెల్ల బొత్తాలు. పక్కనే నేను సంతకం పెట్టిన పత్రం, పైన పెద్ద అక్షరాలతో పిల్ల పేరు.

"ఇవి ముప్పై బొత్తాలు," అన్నారు హెడ్మిస్ట్రెస్. "ఒక్కో చొక్కాకి అయిదు కావాలి. ఎన్ని చొక్కాలు కుట్టొచ్చో చేసి చూపించు."

పిల్ల పళ్ళెం వైపు చూసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక నిమిషం గడిచింది. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. హెడ్మిస్ట్రెస్ నా వైపు చూశారు. ఇంకో నిమిషం గడిచింది. దాని చేతులు కదల్లేదు. వేళ్ళు మాత్రం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

సాయం చెయ్యకూడదన్న మాట గుర్తుంది. అయినా ఉండబట్టలేదు.

"ఏమ్మా, ఎందుకు తియ్యట్లేదు?" అన్నాను.

"అమ్మ ముట్టుకోవద్దంది," అంది, ఎంత చిన్నగా అంటే హెడ్మిస్ట్రెస్ ముందుకు వంగాల్సొచ్చింది.

"ఏం ముట్టుకోవద్దంది?"

"బొత్తాలు. మీరు చెప్పారంట కదా టీచర్. బొత్తాలు మానేసి లెక్కలు చూడమని."

బుధవారం రాత్రి, గురువారం రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో కళ్ళకి కట్టింది. తల్లి ఒక్కతే కవర్లు వేసుకుంటూ ఉంటుంది. ఈ పిల్ల అవతల గోడ దగ్గర పుస్తకం పట్టుకుని, తనకి బాగా వచ్చిన ఒకే ఒక పని ఎందుకు లాగేసుకున్నారో తెలియక, ఆ చప్పుడు వింటూ కూర్చుని ఉంటుంది. నా ఒక్క మాటకి అంత బలం ఉందని నాకు తెలియదు. క్లాసులో గొంతు చించుకుని అరిచినా ఎవరూ వినరు మరి.

నేను దాని కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. కీళ్ళు పటపటమన్నాయి.

"నేను తప్పు చెప్పాను," అన్నాను. "అమ్మకి తప్పు చెప్పాను. నువ్వు బొత్తాలు ముట్టుకోవచ్చు. ఇంట్లో ఎలా వేస్తావో అలాగే వెయ్యి."

"అలా వేస్తే గీత కొడతారు కదా."

"ఇవాళ కొట్టను," అన్నాను.

అది కాసేపు నా మొహం చూసింది. నమ్మిందో, పెద్దవాళ్ళు అడిగాక తప్పదనుకుందో గానీ చేతులు ఒళ్ళోంచి తీసింది. ఆ తర్వాత నేను చూసింది నా ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. అది లెక్కపెట్టలేదు. ఒకటీ రెండూ మూడూ అని పెదవులు కదపలేదు. వేళ్ళు పళ్ళెంలోకి వెళ్ళి మూడు తెచ్చాయి, మళ్ళీ వెళ్ళి మూడు తెచ్చాయి. అయిదు వరసగా పెట్టి ఆరోదాన్ని కిందికి జరిపింది. ఊపిరి తీసుకున్నంత సేపట్లో పళ్ళెం ఖాళీ అయింది. బల్ల మీద అయిదు వరసలు. ప్రతి వరసకీ కింద విడిగా ఒక బొత్తం.

"అయిదు చొక్కాలు," అంది.

హెడ్మిస్ట్రెస్ నా వైపు చూసి పెదవి విరిచారు. రావాల్సింది ఆరు. ఆవిడ చెయ్యి పత్రం మీదికి వెళ్ళింది.

"ఆ కిందవి ఏమిటో అడగండి మేడం," అన్నాను.

"ఇవేమిటి?"

"అదనం. చొక్కా లోపల కింద కుడతారు కదా. బొత్తం ఊడితే అది వేసుకోవాలి." అది హెడ్మిస్ట్రెస్ మొహంలోకి చూసి, ఈవిడకి ఇది కూడా తెలియదేమో అనుకుందేమో, ఇంకాస్త విడమరిచి చెప్పింది. "ఊడితే అచ్చం అలాంటిది బజార్లో దొరకదండీ. అందుకని ముందే వెయ్యాలి."

"మరి కార్లకి?"

"అది స్టెప్నీ."

"పెన్సిళ్ళకి?"

"ఒకటి విరుగుతుంది కదా."

హెడ్మిస్ట్రెస్ నవ్వు ఆపుకున్నారు. మళ్ళీ మొహం గట్టిగా పెట్టారు.

"ఇవన్నీ ఎప్పుడైనా మీ టీచరుకి చెప్పావా?"

"టీచరుకి తెలుసనుకున్నా," అంది. "తెలిసే గీత కొడుతున్నారనుకున్నా."

నేను కింద కూర్చునే ఉన్నాను. లేవడానికి బల్ల అంచు పట్టుకున్నాను గానీ లేవలేదు.

"సరే," అన్నారు హెడ్మిస్ట్రెస్. "ఇదిగో, నేను చాలా పిసినారిదాన్ని. నాకు అదనం వద్దు. చొక్కాకి అయిదంటే అయిదే. ఇప్పుడు ఎన్ని చొక్కాలు?"

అసలు పరీక్ష ఇదేనని నాకు అర్థమైంది. అది మొదటి నుంచీ మళ్ళీ పేర్చడం మొదలుపెడుతుందనుకున్నాను. చెల్లాచెదురైపోతుందేమో, కంగారు పడుతుందేమో, ఏడుస్తుందేమో. పిల్ల బల్ల వైపు ఒక్క క్షణం చూసింది. చూపుడువేలుతో మొదటి వరస కింది బొత్తాన్ని పక్కకి లాగింది. తర్వాత రెండో వరసది, మూడోది, నాలుగోది, అయిదోది. లాగినవన్నీ చివర కొత్త వరసగా పేర్చింది. అయిదు బొత్తాలు. ఆరో చొక్కా.

"ఆరు," అంది. తర్వాత బొత్తాల వైపే చూస్తూ, కాస్త బాధగా, "కానీ ఇంక దేనికీ అదనం లేదు. ఊడితే ఏం చేస్తారో మరి," అంది.

హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పత్రాన్ని నా వైపు జరిపారు.

"చింపేద్దామన్నాను గానీ చింపకూడదు. ఫైల్లో నంబరు పడింది. కింద రద్దు అని రాసి కారణం రాయండి."

కారణం రాసే చోట ఒక్క గీతే ఉంది. చాలాసేపు కలం పట్టుకుని ఆలోచించాను. పిల్లకి లెక్కలు వచ్చు, బొమ్మలు సరిగ్గా చూడలేదు, టీచరు తప్పు అని రాసి సంతకం పెట్టాను. హెడ్మిస్ట్రెస్ చదివి ఫైల్లో పెట్టుకున్నారు. పై ఆఫీసు వాళ్ళు ఏమంటారో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు.

క్లాసుకి తిరిగి వెళ్తుంటే వరండా మధ్యలో అది ఆగింది.

"టీచర్, మరి ఇవాళ ఎలా చెయ్యాలి? అదనం పెట్టాలా, వద్దా?"

ఇంటి లెక్క ఇంట్లో, బడి లెక్క బళ్ళో అనబోయాను. నోటి దాకా వచ్చింది. బుధవారం ఆ మాటే కదా వాళ్ళమ్మకి చెప్పింది. మింగేశాను.

"ప్రశ్నలో అడిగినట్టు ఒకసారి చెయ్యి," అన్నాను. "తర్వాత నీకు తోచినట్టు ఇంకోసారి చెయ్యి. రెండూ గియ్యి. ఎందుకలా చేశావో నేనొచ్చి అడుగుతాను."

"ప్రతి శుక్రవారం అడుగుతారా?"

ముప్పై ఎనిమిది మంది, నలభై నిమిషాలు. ఇది లెక్కలు రానివాళ్ళకైనా తెలిసే లెక్క.

"అడుగుతాను," అన్నాను. "మర్చిపోతే గుర్తుచెయ్యి." హాజరు పట్టీ ముందు లేకుండా ఏడాదిలో మొదటిసారి దాన్ని అసలు పేరుతో పిలిచాను. అది వెంటనే పలకలేదు. ఎవరినా అని వెనక్కి తిరిగి చూసింది.

ఆ రోజు చేతి లెక్కల్లో ఎప్పటిలాగే ఒక డబ్బా బోర్లా పడింది. నేను ఎనిమిది మంది దగ్గరికే వెళ్ళగలిగాను. మూత నుదుటికి అతికించుకునే వాడు ఎందుకలా చేస్తాడో కూడా అడిగాను. ఒక పది అయిపోయిందని గుర్తుకోసమట, లేకపోతే మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టాల్సి వస్తుందట. ఎనిమిది మందిని అడిగేసరికే గంట కొట్టారు. మిగతా ముప్పై మందివీ పాత కవర్లు సంచీలో కుక్కుకున్నాను. సంచీ బరువుకి భుజం లాగింది. వాటిలో నేను ఇంకెన్ని చిన్న చుక్కలకి గీత కొట్టి ఉంటానో తలుచుకుంటే భుజం కన్నా ఇంకేదో ఎక్కువ లాగింది.

గేటు దగ్గర అక్కాచెల్లెళ్ళిద్దరూ కార్ఖానా నుంచి వచ్చే అమ్మ కోసం నిలబడి ఉన్నారు. చిన్నది పెద్దదాని చెయ్యి పట్టుకుని ఊపుతోంది. నేను వెనక ఉన్నానని చూడలేదు.

"మరి నా పక్కన కూర్చోవా?" అంటోంది చిన్నది. దాని గొంతులో ఏడుపు ఉంది. "నేను వచ్చే ఏడుకి చోటు ఉంచాను. కిటికీ పక్కన. ఇంకెవర్నీ కూర్చోనివ్వద్దని మా టీచరుకి కూడా చెప్పాను."

"నేను మూడులోకి వెళ్తాను."

"ఎందుకు?"

"లెక్కలు వచ్చంట నాకు."

చిన్నది కాసేపు ఆలోచించింది. "అయితే నిన్ను పేరు పెట్టి పిలవకూడదా?"

"కూడదు."

చిన్నది మొహం ముడుచుకుని చెయ్యి వదిలేసింది. నాలుగడుగులు దూరంగా వెళ్ళి గోడకి ఆనుకుంది. అమ్మ రోడ్డు మలుపులో కనిపించగానే అలక మర్చిపోయి, "అక్కా, అమ్మొచ్చింది," అని అరిచింది. పెద్దది వెంటనే కదల్లేదు. ఆ పిలుపు ఇంకోసారి వస్తుందేమోనని చూస్తున్నట్టు అక్కడే నిలబడింది. చిన్నది విసుగ్గా మళ్ళీ పిలిచాకే వెళ్ళింది.